అనుపు మెట్ల మీద విన్న మాట



ఈ వారం వాక్యపాఠానికి బదులు రెండు ప్రయాణాల సంగతి వ్రాస్తున్నాను. ఒకటి మన మాచర్ల దగ్గరి అనుపుకు, రెండోది గుంటూరు అవతల ఉన్న నాగార్జున యూనివర్సిటీకి. ఒకటి పదిహేడు వందల యేండ్ల నాటి శిథిలం, ఇంకొకటి 1976లో మొదలైన విశ్వవిద్యాలయం. రెండు చోట్లా బడి, ఆటస్థలం పక్కపక్కనే ఉన్నాయి. ఈ రెండింటి నడుమ నా జీవితంలో ఒక తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. బలిపీఠం దగ్గర నిలబడి మీకు పాపపు ఒప్పుకోలు గురించి చెప్పేవాణ్ణి, నాది దాచుకోకూడదు గదా. అందుకే వ్రాస్తున్నాను.

మే నెలలో మన యవ్వనస్తులు అడిగారు, "అయ్యగారూ, సాగర్ ఎన్నిసార్లో చూశాం, అనుపు ఎప్పుడూ చూడలేదు, తీసుకెళ్లండి" అని. రెండు టాటా మ్యాజిక్ బండ్లు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలు, మజ్జిగ క్యాను పెట్టుకుని, ఎండ ముదరకముందే చేరాలని తెల్లవారుజామున బయలుదేరాం. మన పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పాలా! పది దాటితే ఆ రాళ్ల మీద కాలు పెట్టలేం.

చరిత్ర కొంచెం చెబుతాను, పిల్లలకు పనికొస్తుంది. ఇప్పుడు సాగర్ నీళ్లున్న లోయలో ఒకప్పుడు విజయపురి అనే పట్టణం ఉండేది. శాతవాహనుల తరువాత క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు దాన్ని రాజధానిగా చేసుకుని ఏలారు. కొండల నడుమ బౌద్ధ విహారాలు, స్తూపాలు, ఆలయాలు, స్నానఘట్టాలు ఉండేవి. బోధిసిరి అనే ఒక గృహిణి సింహళం నుండి వచ్చే గురువుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ గురువుల పరంపర కాశ్మీరం, గాంధారం, చీనా మొదలైన దేశాలలో బోధించిందని ఆ శాసనం చెబుతుంది. అంటే మన మాచర్ల పొలిమేరలో ఒకప్పుడు దూరదేశపు విద్యార్థుల మాటలు వినిపించేవన్నమాట.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు గనుక 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా త్రవ్వారు. దొరికిన కట్టడాలలో కొన్నిటిని ఊడదీసి, నాగార్జునకొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ మోసుకొచ్చి తిరిగి నిలబెట్టారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. మన ఊళ్లలో ఈ రోజు వరి, మిరప పండుతున్నాయంటే ఆ నీళ్ల వల్లనే. మన పొలాలు తడవడానికి ఒక పట్టణం మునిగింది. ఆ పట్టణంలో మిగిలినదానిలో కొంత అనుపులో ఉంది.

అక్కడ ముఖ్యంగా చూడవలసినవి రెండు. ఒకటి విహారం, అక్కడివాళ్లు దాన్ని యూనివర్సిటీ అంటారు. భిక్షువులు ఉండి చదువుకున్న చిన్నచిన్న గదుల పునాదులు, మధ్యలో అందరూ కూర్చునే మండపం. రెండోది ఆటస్థలం. మధ్యలో పల్లంగా ఒక చదునైన నేల, నాలుగు ప్రక్కలా పైకి లేచిన మెట్లు. మల్లయుద్ధమో, సంగీతమో, నాటకమో ఏది జరిగినా జనం ఆ మెట్ల మీద కూర్చుని చూసేవారు.

పిల్లలను ఆ మెట్ల మీద కూర్చోబెట్టి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం నుండి మాట్లాడాను. ఎఫెసులో కూడా ఇలాగే రెండు ఉన్నాయి. తురన్ను అనే ఆయన పాఠశాల ఒకటి, అందులో పౌలు రెండేండ్లపాటు ప్రతిదినం బోధించాడు. పట్టణపు నాటకశాల ఇంకొకటి, అందులోకి జనసమూహం గోల చేస్తూ చొరబడింది. పౌలు అక్కడికి కూడా వెళ్లబోతే శిష్యులు ఆపారు. "పౌలుకు బడి అంటే ఎంత ప్రేమో, జనం గుమిగూడిన చోటు అన్నా అంత ప్రేమే. మనమే దేవుణ్ణి గుడి నాలుగు గోడల మధ్య పెట్టి తాళం వేస్తున్నాం" అని చెప్పాను. పిల్లలు ఆమేన్ అన్నారు. బాగా చెప్పానని నాకు నేనే అనుకున్నాను కూడా.

తరువాత పిల్లలు ఒక్కొక్కరే నడిమధ్యకు దిగి చప్పట్లు కొడుతూ, పాటలు పాడుతూ శబ్దం ఎలా వస్తుందో చూస్తున్నారు. కాసేపటికి అందరూ విహారం వైపు వెళ్లిపోయారు. నేను మజ్జిగ క్యాను దగ్గర పై మెట్టు మీద కూర్చుండిపోయాను. క్రింది మెట్టు మీద మా పెద్దమ్మాయి, దాని స్నేహితురాలు కూర్చున్నారు. నేను పైన ఉన్నట్టు వాళ్లు గమనించలేదు. వాళ్లు గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారు. కాని ఆ కట్టడం ఎలాంటిదంటే క్రింద అన్న మాట నా పక్కన అన్నట్టే వినబడింది.

"అప్లికేషన్ వేశావంటే?" అని ఆ పిల్ల అడిగింది.

"లేదే. ఇంకా నాలుగు రోజులే ఉంది. వెయ్యను."

"అయ్యగారు వద్దంటారా?"

"నాన్న వద్దనరే. అదే బాధ. సరే తల్లీ అంటారు. ఆ తరువాత ఆదివారం అందరి ముందు తల దించుకుని నిలబడతారు. నా వల్ల నాన్న తల దించుకోవడం నేను చూడలేను."

ప్రియులారా, నేను ఆ మెట్టు మీద నుండి లేవలేకపోయాను.

దీని వెనుక సంగతి మీలో చాలామందికి తెలుసు. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి నుండి పరుగెత్తుతోంది. మండలంలో, జిల్లాలో సర్టిఫికెట్లు తెచ్చుకుంది. ఇంటర్ అయ్యాక డి.పి.ఎడ్. చదివి డ్రిల్లు టీచర్ కావాలని దాని కోరిక. ఫిబ్రవరిలో సంఘపెద్దల కూటం అయిన తరువాత పెద్దాయన ఒకాయన నాతో అన్నారు, "అయ్యగారూ, అమ్మాయి నిక్కరు వేసుకుని పొద్దున్నే రోడ్డు మీద పరుగెడుతోంది. ఊరు ఏమనుకుంటుంది? శరీర సాధకం కొంచెమే ప్రయోజనమని తిమోతి పత్రికలో లేదా?" ఆయన మనసులో చెడు లేదు. మన సంఘం పేరు పోకూడదనే ఆయన బాధ. నేను ఏమీ అనలేదు. తల దించుకుని "చూస్తానండీ" అన్నాను. ఆ పూట అమ్మాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. విననట్టే ఉంది, కాని విన్నది.

అనుపు నుండి తిరిగి వచ్చేటప్పుడు పిల్లలంతా పాటలు పాడుతున్నారు, నాకు ఏ పాటా చెవికెక్కలేదు. మాచర్లలో బండి ఆపించి, "మీరు వెళ్లండి, మేమిద్దరం బస్సులో వస్తాం" అని అమ్మాయిని దింపుకున్నాను. బస్టాండ్ దగ్గర నెట్ సెంటరుకు తీసుకెళ్లి, "పీ.ఈ.సెట్ అప్లికేషన్ వెయ్యమ్మా" అన్నాను. అది నా ముఖం చూసింది. "పై మెట్టు మీద నేనున్నాను తల్లీ. విన్నాను" అన్నాను. ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఫోటో స్కాన్ చేసే కుర్రాడు, "మేడం, కళ్లు తుడుచుకోండి, సంతకం తడుస్తుంది" అన్నాడు.

ఆ రాత్రి నేను ఆ వాక్యం తీసి చదివాను. సెమినరీలో చదువుకున్న రోజుల నోట్సు కూడా అటక మీద నుండి దింపాను. 1 తిమోతి 4:8 మనం ఎప్పుడూ ఒంటరిగా చదువుతాం. దాని పై వచనాలు చూడండి. వివాహం వద్దనేవారు, ఫలానా ఆహారం తినకూడదనేవారు, అంటే దేవుడిచ్చిన శరీరమే చెడ్డదన్నట్టు బోధించేవారు అక్కడ ఉన్నారు. వాళ్లకు జవాబుగా, దేవుడు చేసిన ప్రతిదీ మంచిదే, కృతజ్ఞతతో పుచ్చుకోమని పౌలు చెబుతున్నాడు. ఆ తరువాతే సాధకం మాట వస్తుంది. దానివల్ల కొంత మేలుంది, భక్తివల్ల అన్ని విషయాల్లో మేలుంది అని తూకం వేశాడు. కొంత అంటే కొంతే, సున్న కాదు. మన ఇంట్లో ఉప్పు కూడా కొంతే వేస్తాం, మానేస్తామా?

అదే పౌలు కొరింథులో పద్దెనిమిది నెలలు డేరాలు కుట్టుకుంటూ ఉన్నాడు. ఆ పట్టణం దగ్గర రెండేండ్లకు ఒకసారి ఇస్త్మియ ఆటలు జరిగేవి. ఆటలకు వచ్చినవారు ఎందరో డేరాలలోనే దిగేవారని పండితులు చెబుతారు. పౌలు కుట్టిన డేరా క్రింద ఏ పరుగుపందెగాడు నిద్రపోయాడో ఎవరికి తెలుసు! గెలిచినవాడి తలకు చుట్టేది దేవదారు కొమ్మో, వాడిపోయిన ఆకుకూర రెమ్మో. అందుకే ఆయన వాడిపోయే కిరీటం, వాడిపోని కిరీటం అని వ్రాయగలిగాడు. 1 కొరింథీయులకు 9వ అధ్యాయం చివరి వచనాలు చదవండి, ఆటస్థలం చూసినవాడి మాటలు అవి. ఆటను అసహ్యించుకునేవాడు అంత దగ్గరగా చూడడు.

ఆటలో ప్రమాదం లేదని నేను అనడం లేదు. పల్నాటివాళ్లం మనకు అది ఒకరు చెప్పాలా? కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం విడిచి వెళ్లిన కథ, కారెంపూడి యుద్ధంలో ముగిసిన కథ మన తాతల నోట విన్నాం. ఆ కోళ్లది తప్పా? పందెం ఒడ్డినవారిదా? ఈ రోజు మన కుర్రాళ్ల చేతుల్లో కోడికి బదులు ఫోను ఉంది. క్రికెట్ మీద బెట్టింగు కట్టి మిరప డబ్బు, అమ్మ చెవి కమ్మలు పోగొట్టుకున్నవారిని నేనెరుగుదును, మీరూ ఎరుగుదురు. ఆడేవాడికి చెమట వస్తుంది. పందెం కాసేవాడికి అప్పు వస్తుంది. మనం ఇంతకాలం చెమటను తిట్టి, అప్పును చూసీచూడనట్టు ఊరుకున్నాం.

ఇప్పుడు నా తప్పు సంగతి.

అమ్మాయికి పరుగు నేర్పింది మన ప్రక్క ఊరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు. ఆయన ఒకప్పుడు మన సంఘపు బిడ్డే. పదిహేనేండ్ల క్రితం, నేను సేవకు వచ్చిన కొత్తలో, ఆ తమ్ముడు ఇరవై ఏండ్ల కుర్రాడు. వాలీబాల్ బాగా ఆడేవాడు. ఒక ఆదివారం మండల పోటీలు పడ్డాయి, ఆరాధనకు రాలేదు. మరుసటి ఆదివారం వచ్చాడు, వెనుక బల్ల మీద కూర్చున్నాడు. నేను ఎరిక్ లిడెల్ సంగతి చెప్పాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని వంద మీటర్లు వదులుకుని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచి, తరువాత చైనాకు మిషనరీగా వెళ్లి 1945లో నిర్బంధ శిబిరంలో ప్రభువునందు నిద్రించిన మనిషి ఆయన. మంచి సాక్ష్యమే. కాని దాన్ని నేను రాయిలా విసిరాను. ఆ కుర్రాణ్ణి పేరుపెట్టి పిలిచి, ఒక పూట కూటికి జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావువి నువ్వు అన్నాను. లిడెల్ తనకు తాను పెట్టుకున్న నియమాన్ని నేను ఇంకొకడి మెడకు కట్టాను.

ఆ తమ్ముడు మళ్లీ రాలేదు. వాళ్లమ్మ ఒక్కతే వచ్చేది. ప్రతి నెలా మొదటి ఆదివారం నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మావాడి కోసం ప్రార్థన చెయ్యండి" అనేది. చేసేవాణ్ణి. వాడు వెళ్లిపోవడానికి కారణం నేనేనమ్మా అని ఒక్కసారి కూడా చెప్పలేదు.

అప్లికేషన్ వేసిన మూడో రోజు తెల్లవారుజామున అమ్మాయి వెంట నేను కూడా స్కూలు గ్రౌండుకు వెళ్లాను. ఆయన సున్నంతో గీతలు గీస్తున్నాడు. నన్ను చూసి డబ్బా క్రింద పెట్టి, "రండి అయ్యగారూ" అన్నాడు. నేను ముందే మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ రాలేదు. "తమ్ముడూ, ఆ రోజు నేను అన్న మాటకు నన్ను క్షమించు" అన్నాను.

ఆయన కాసేపు గీత వైపే చూశాడు. "ఏశావు అన్నారండీ. ఆ రోజు ఇంటికెళ్లి ఏశావు కథ మొత్తం చదివాను. కోపంతో చదివాను. చివర్లో ఏముందో మీకు తెలుసు గదా. యాకోబు భయపడుతూ వస్తుంటే, పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి మెడమీద పడి ముద్దు పెట్టుకున్నది ఏశావేనండీ. ఆ రోజే అనుకున్నాను, ఏశావు కావడంలో తప్పేముందిలే అని."

ఇరవై ఏండ్లుగా ఆదికాండము 33వ అధ్యాయం చదువుతున్నాను. యాకోబు కుంటుకుంటూ వచ్చాడు, ఏశావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మాట నాకు చెప్పడానికి నేను సంఘం నుండి పంపేసిన మనిషే కావలసి వచ్చాడు. పైగా నా కూతురికి ఉచితంగా పరుగు నేర్పుతూ నాలుగేండ్ల ముందే ఎదురొచ్చేశాడు, నేనే చూడలేదు.

జూన్‌లో పరీక్షకు ముగ్గురం వెళ్లాం. ముందురోజే మాచర్ల నుండి గుంటూరు బస్సెక్కాం. గురజాల దాటాం. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ కొన్నేండ్లకు పల్నాడు వచ్చి కాపురమున్నది ఆ గురజాలలోనే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల తెల్లదుమ్ము కిటికీలోంచి వచ్చింది. సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరేసరికి సాయంత్రమైంది. ఊళ్లో కుగ్లర్ ఆసుపత్రి చూపించి అమ్మాయికి చెప్పాను. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ పెళ్లికాని ఆడమనిషి సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చింది. ఆడది వైద్యం చెయ్యడమేమిటని అప్పుడూ అనేవాళ్లు ఉండే ఉంటారు. ఆడపిల్లలకు అక్షరాలెందుకని అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలకు మిషనరీ తల్లులు తల దించుకుని ఉంటే, మన నాయనమ్మలు బైబిలు చదవగలిగేవారా?

బ్రహ్మానందరెడ్డి స్టేడియం కూడా చూశాం. మన నరసరావుపేట ప్రాంతం నుండి వెళ్లి 1964 నుండి 1971 వరకు ముఖ్యమంత్రిగా చేసిన కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు దానికి పెట్టారు. మాస్టారు దాని గేటు దగ్గర నిలబడి, "వాలీబాల్ ఆడే రోజుల్లో ఇక్కడ ఆడాలని ఉండేదండీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

తెల్లవారి నంబూరు దగ్గర యూనివర్సిటీలో దిగాం. గుంటూరు, విజయవాడల నడుమ హైవే ప్రక్కనే ఉంది. ఆచార్య నాగార్జునుడి పేరే దీనికీ, మన సాగర్ కొండకూ. అనుపు రాళ్లలో చూసిన రెండూ ఇక్కడ ప్రాణంతో ఉన్నాయి, ఒక ప్రక్క తరగతి గదులు, హాస్టళ్లు, ఇంకొక ప్రక్క మైదానం. రాష్ట్రం నలుమూలల నుండి పిల్లలు వచ్చారు. శ్రీకాకుళం యాస, అనంతపురం యాస కలిసిపోయి వినబడుతున్నాయి. చెట్ల క్రింద తల్లిదండ్రులు. ఒకాయన లారీ డ్రైవరు, రాత్రంతా బండి నడిపి వచ్చాడు. ఒక ముస్లిం తండ్రి చేతులెత్తి దువా చేస్తున్నాడు. ఒకామె కూలిపని మానుకుని వచ్చింది, కొంగున కూతురి ఆధార్ కార్డు ముడివేసుకుంది. మనవాళ్లు ఎవరూ లేరనుకుని వెళ్లాను. అందరూ మనవాళ్లే.

మాస్టారు మా అమ్మాయికి జ్యోతి యర్రాజి సంగతి చెబుతున్నాడు. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు. 2020లో మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీలలో ఈ నాగార్జున యూనివర్సిటీ తరఫునే హర్డిల్స్ పరుగెత్తింది. 2023లో బ్యాంకాక్‌లో వంద మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో ముగించి ఆసియా ఛాంపియన్ అయింది. ఆ యేడే హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో, ప్రక్క లేనులోని అమ్మాయి ముందుగా కదిలితే, ఈమెను కూడా తప్పు చేసినట్టు లెక్కగట్టి బయటకు పొమ్మన్నారు. ఈమె ఏడ్చి వెళ్లిపోలేదు, అరవలేదు. నిలబడి వీడియో చూడమని అడిగింది. పరుగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చింది, ముందు కదిలినామెను తొలగించాక వెండి పతకం ఈమెదైంది.

"కాబట్టి ఎవరైనా నీది తప్పంటే," అన్నాడు మాస్టారు, "తప్పైతే ఒప్పుకో. కాకపోతే నిలబడు." అమ్మాయికి చెప్పాడు గాని, నేనే ఎక్కువ విన్నాను.

వంద మీటర్లు బాగానే అయింది. లాంగ్ జంప్ మొదటిసారి ఫౌల్, రెండోసారి కుదిరింది. గుండు అనుకున్నంత దూరం పడలేదు. చివరికి 400 మీటర్లు. ఎనిమిది మంది ఆడపిల్లలు గీత మీద నిలబడ్డారు. విజిల్ పడగానే నేను అలవాటు చొప్పున కళ్లు మూసుకుని తల వంచి ప్రార్థన మొదలుపెట్టాను. మాస్టారు మోచేత్తో పొడిచాడు.

"అయ్యగారూ, తల ఎత్తండి. అమ్మాయి ఇటు చూస్తోంది."

తల ఎత్తాను. చివరి మలుపులో నాలుగోదిగా ఉంది. ఆఖరి యాభై మీటర్లలో ఒకరిని దాటి మూడో స్థానంలో వచ్చింది. వచ్చి గడ్డిలో పడిపోయింది. ఊపిరి అందాక దాని మొదటి మాట, "చూశారా నాన్నా?" 

"మొత్తం చూశాను తల్లీ" అన్నాను. మొదటి పది అడుగులు తప్ప మొత్తం చూశాను.

ర్యాంకు వచ్చింది. గొప్ప ర్యాంకు కాదు. సీటు ఎక్కడ వస్తుందో, వచ్చినా ఫీజు, హాస్టలు ఎలాగో ఇంకా తెలియదు. పతకాలు గెలిచిందని చెప్పడానికి ఈ మాటలు వ్రాయలేదు. మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ఆ పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. ఆయన మనసు ఇంకా ఒప్పుకోలేదు, నాతో అదే చెప్పారు. కాని పరీక్ష రోజు తెల్లవారి ఐదింటికి ఆయన దగ్గర నుండే మొదటి ఫోను వచ్చింది. "ఎన్ని గంటలకు అయ్యగారూ? ఆ టైముకు మోకరిస్తాం" అన్నారు. ఒప్పుకోకపోయినా మోకరించే పెద్దలున్న సంఘం నాకు దేవుడిచ్చాడు. 

జెకర్యా ప్రవక్త 8వ అధ్యాయం 5వ వచనం ఈ వారం ఇంట్లో అందరూ కలిసి చదవండి. యెరూషలేము పాడై, గోడలు కూలి, జనం చెదరిపోయిన తరువాత దేవుడు తన పట్టణాన్ని తిరిగి బాగు చేస్తానని చెబుతూ ఒక గుర్తు ఇచ్చాడు. ఆ గుర్తు బంగారం కాదు, సైన్యం కాదు. ముసలివాళ్లు కర్రలు పట్టుకుని వీధుల్లో కూర్చుంటారట. వాళ్ల కళ్ల ముందు మగపిల్లలు, ఆడపిల్లలు ఆ వీధుల నిండా ఆడుకుంటారట. ఆడపిల్లలు అని దేవుడు ప్రత్యేకంగా చెప్పించాడు. విజయపురి మునిగింది, ఎఫెసు కూలింది, కొరింథు ఆటలు ఆగిపోయాయి. ఈ వాగ్దానం మాత్రం ఉంది.

కాబట్టి పెద్దలతో మాట్లాడి ఒక తీర్మానం చేసుకున్నాం. మన మందిరం ప్రక్కన తుమ్మచెట్లు పెరిగిన ఖాళీ స్థలం ఈ నెల చదును చేద్దాం. సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు, ఆడపిల్లలు కూడా. ఆదివారం ఆరాధన అయ్యేవరకు వల కట్టము. బెట్టింగు మాట ఎత్తితే ఆ రోజుకు ఆట బంద్. వాలీబాల్ వల తానే తెస్తానని మాస్టారు అన్నాడు. మందిరం లోపలికి వస్తాడా అని నేను అడగలేదు. ఎదురు వెళ్లడం నా పని, ఈసారి నేనే పరుగెత్తాలి. వాళ్లమ్మగారు ఇప్పుడు నడవలేక మంచం మీద ఉన్నారు. ఆమె దగ్గరకు వెళ్లి నిజం చెప్పి, ఆమెతో కలిసి ప్రార్థన చేసి వచ్చాను.

తండ్రులారా, మీ పిల్లలు మీ ఎదుట చెప్పలేని మాట ఏదో ఒక మెట్టు మీద కూర్చుని ఇంకెవరికో చెప్పుకుంటున్నారు. మనం ఎప్పుడూ పై మెట్టు మీద ఉండం. ఇంటికి వెళ్లి అడగండి.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా పిల్లల కాళ్లకు బలమిచ్చినందుకు స్తోత్రములు. మేము మాటలతో గాయపరచి దూరం చేసుకున్నవారి దగ్గరకు పరుగెత్తే కాళ్లు మాకివ్వండి. ఊరు ఏమనుకుంటుందోనని వంగిపోయిన మా తలలు ఎత్తండి. ఈ సంవత్సరం పరీక్షలు వ్రాసిన ప్రతి బిడ్డకు తోడుగా ఉండండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ అయ్యగారు